హాల్వర్ విప్పేసిన తీగ

హాల్వర్ స్టూర్లీ ఎవరికీ బరువు కాకూడదనుకునే మనిషి. వినడానికి బాగుండే మాటే. అలాంటివాళ్ళతో కాపురం చేసినవాళ్ళని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

లోయలోంచి కొండ మీదికి పోయే బస్సు నడిపి రిటైరయ్యాడతను. ఒక చలికాలం బస్సు జారి రోడ్డు పక్క మంచులో కూరుకుపోయింది. వైర్‌లెస్‌లో ఒక్క మాట చెప్తే ట్రాక్టరు వచ్చేది. చెప్పలేదు. ప్రయాణికుల్ని లోపల కూర్చోబెట్టి తనొక్కడే పార పట్టుకుని తవ్వాడు. చేతులు బొబ్బలెక్కాయి, చీకటి పడేలోగా బస్సు బయటపడింది, లోయంతా ఆ కథ చెప్పుకుని మెచ్చుకుంది. అతని భార్య రాగ్నా మాత్రం మెచ్చుకోలేదు. ఆ రోజు బస్సులో నెలలు నిండిన పిల్ల ఒకతి ఉందని, ఆమెకి ఏమైనా అయ్యుంటే ఈ పార ఏం చేసేదని అడిగేది. ఆమె అలా అడిగినప్పుడల్లా హాల్వర్ లేచివెళ్ళి ఇంట్లో ఏదో ఒకటి బాగుచేస్తూ కూర్చునేవాడు.

రాగ్నా ముసలివాళ్ళ హోములో వంట చేసేది. ఇద్దరూ పని మానేశాక పాత ఇంటిబండి ఒకటి కొన్నారు. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ ఉన్న ఇల్లే, కాకపోతే చక్రాల మీద ఉంటుంది, హాల్వర్ నడిపితే కదులుతుంది. ఏటా ఈస్టర్‌కి దాన్ని కొండమీది మైదానానికి తోలుకుపోయి, ఎప్పుడూ నిలిపే వరుసలోనే నిలిపేవారు. ఆ వారం కోసం రాగ్నా ఏడాదంతా ఎదురుచూసేది. పొద్దున్నే మంచు మీద జారే స్కీలకు మైనం రాసుకుని బయల్దేరితే సాయంత్రం బుగ్గలు ఎర్రగా చేసుకుని తిరిగొచ్చేది. హాల్వర్‌కి తుంటి ఎముక మార్చి ఆర్నెల్లు కూడా కాలేదు కాబట్టి ఈ ఏడు అతను బండిలోనే ఉండి కాఫీ కాచిపెట్టడం ఒప్పందం.

ఆ వరుసలో ఉన్న బళ్ళన్నింటికీ కరెంటు ఒకే స్తంభానికున్న పెట్టెలోంచి వస్తుంది. ఏ ఒక్క బండిలో కరెంటు లీకైనా పెట్టెలో బ్రేకరు పడిపోతుంది, హీటర్లాగి వరుస మొత్తం చల్లబడిపోతుంది. అప్పుడు జరిగే తంతు ఒకటుంది. అందరూ కోట్లు తగిలించుకుని బయటికొస్తారు. ప్లగ్గులన్నీ పీకేసి, బ్రేకరు పైకెత్తి, ఒక్కో ప్లగ్గే మళ్ళీ పెట్టుకుంటూ పోతారు. ఎవరిది పెట్టగానే బ్రేకరు పడిందో వాళ్ళే నేరస్థులు. ఈస్టర్ వారమంతా అక్కడ అందరి చేతుల్లోనూ హత్యల నవలలే ఉంటాయి కాబట్టి ఈ వెతుకులాట కూడా ఆ బాణీలోనే సాగేది. ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు, సాక్షి ఎవరు అంటూ నవ్వుకునేవారు.

ఆ ఏడు నేరస్థుడు హాల్వర్.

బుధవారం సాయంత్రం తొలిసారి పట్టుబడ్డాడు. ఎదుట, కారుకి తగిలించి లాక్కొచ్చిన కారవాన్‌లో ఉండే ఓటార్, పాలకేంద్రంలో పనిచేసి మానేసిన లావుపాటి మనిషి, హాల్వర్ భుజం మీద చెయ్యి వేసి, "ఇంత నెమ్మదస్తుడివి, మమ్మల్నందర్నీ చలికి చంపేద్దామనుకున్నావటోయ్?" అన్నాడు. అందరూ నవ్వారు. హాల్వర్ కూడా నవ్వాడు. ప్లగ్గు తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ పెట్టాడు. ఆ పూటకి నిలిచింది. గురువారం మళ్ళీ పడింది. పసిబిడ్డ తల్లి ఒకతి బిడ్డని దుప్పట్లో చుట్టుకుని గుమ్మంలో నిలబడింది.  ఆమెని చూసి హాల్వర్‌కి తల తీసేసినట్టయింది. ఆ సాయంత్రమే ఇంకోసారి పడింది. ఈసారి ఎవరూ హత్యల జోకులు వెయ్యలేదు. అందరూ తిన్నగా అతని ప్లగ్గు దగ్గరికే నడిచారు.

తప్పు ఎక్కడుందో కొంతవరకూ అతను కనిపెట్టాడు. బండిలోపలి మెయిన్ ఆపేసినా పెట్టెలో బ్రేకరు పడుతోంది. అంటే లీకు లోపల లేదు, కరెంటు బండిలోకి దూరే చోటుకీ లోపలి మెయిన్‌కీ మధ్యనే ఎక్కడో ఉంది. అక్కడ తీగలు రేకు వెనక నుంచి పోతాయి. అది విప్పాలంటే గ్యాసుపొయ్యితో సహా సగం వంటిల్లు పీకాలి. ఈస్టర్‌కి కరెంటు సామాన్ల కొట్లన్నీ మూత, ఎలక్ట్రీషియన్లంతా సెలవుకి వాళ్ళ కొండల మీద వాళ్ళున్నారు. ప్లగ్గు పీకేసి ఉందామంటే పాత బ్యాటరీ చలికి ఒక పూట కూడా ఆగదు, హీటరు ఫ్యాను తిరగదు. ఇంటికి పోదామంటే రాగ్నా మొహం చూడలేడు.

చెయ్యాల్సింది ఒకటి మిగిలే ఉంది. ఓటార్‌నో, పక్క కారవాన్‌లో ఉండే గున్వోర్ అనే ఆవిడనో అడగడం. రెండు రాత్రులు మీ దగ్గర పడుకుంటాం అంటే చాలు, ఇద్దరూ సంతోషంగా సరేననేవారు. అది మాత్రం హాల్వర్ తలలోకి రానే లేదు.

శుక్రవారం పొద్దున, రాగ్నా మొహం కడుక్కుంటుండగా, అతను తన కేబులు ప్లగ్గు విప్పి అందులో ఆకుపచ్చా పసుపూ కలిసిన ఎర్తు తీగని ఊడదీశాడు. కొసకి టేపు చుట్టి, ప్లగ్గు మూసేసి, సాకెట్లో పెట్టాడు. బ్రేకరు పడలేదు. లీకైన కరెంటు భూమిలోకి పోయే దారే లేకపోతే బ్రేకరుకి ఏం తెలుస్తుంది?

ఇంత పని తెలిసిన మనిషి ఇంత తప్పు ఎలా చేశాడని అడగొచ్చు. బస్సు మనిషి కాబట్టే చేశాడు. బస్సులో బ్యాటరీ ఒక కొసని బాడీకే కలిపేస్తారు. కరెంటు బాడీలోంచే తిరిగొస్తుంది. జీవితమంతా ఆ బాడీని ముట్టుకుంటూ, ఆనుకుంటూ, తుడుస్తూ బతికాడు, ఏనాడూ చిన్న చురుకు కూడా తగల్లేదు. బండి బాడీలో కాస్త కరెంటు ఉంటే ఏమైందిలే అన్నది అతని చేతుల్లో నాటుకుపోయిన నమ్మకం. గోడ సాకెట్లోంచి వచ్చేది వేరే జంతువని అతని బుర్రకి తెలుసు. ఆ పొద్దున బుర్రని అడగలేదు.

సమస్య తీరిపోయిందని, ప్లగ్గులో తడి చేరిందని అందరికీ చెప్పాడు. ఓటార్ చప్పట్లు కొట్టాడు. రాగ్నా అతని చెంప నిమిరింది. శుక్రవారమంతా గడ్డకట్టే చలి, కాళ్ళ కింద మంచు పొడి ఇసుకలా కరకరలాడింది. పొడి మంచులోంచి కరెంటు పోదు. ఆ తలుపు ఎందరు ముట్టుకున్నా ఎవరికీ ఏమీ తెలియలేదు.

శనివారం గాలి మారింది. పొద్దున్నే చూరుల్నించి నీళ్ళు కారడం మొదలైంది. రాగ్నా రోజూ రాసే గట్టి మైనం పక్కన పెట్టి, కరిగే మంచుకి రాసే జిగురు మైనం తీసి, వేళ్ళన్నీ అంటించుకుని, తిట్టుకుంటూ రాసుకుంది. చెవి మిషన్లు తీసి బల్ల మీద పెట్టింది. స్కీల మీద వేగంగా పోతుంటే గాలి వాటిలో ఈలలేస్తుందని ఎప్పుడూ తీసేస్తుంది. ఫోను కూడా వాటి పక్కనే వదిలేసి, గున్వోర్‌తో కలిసి బయల్దేరింది. గున్వోర్ తన కుక్క బామ్సెని పొడవైన తాడుతో కారవాన్ మెట్టుకి కట్టేసి, మధ్యాహ్నం దానికో సాసేజి ముక్క పడేయమని హాల్వర్‌కి చెప్పింది.

వాళ్ళు వెళ్ళాక హాల్వర్ వాడిన నీళ్ళ బకెట్టు పారబోసి, మెట్టెక్కుతూ తలుపు పిడి పట్టుకున్నాడు. వేళ్ళ కొసల్లో సూదులు గుచ్చినట్టయింది. ఊలు స్వెట్టరు వల్లేమో అనుకున్నాడు.

మధ్యాహ్నం పెనం మీద సాసేజులు వేగుతుండగా బయట బామ్సె కేకేసింది. కుక్క ఆ గొంతుతో అరవడం అతనెప్పుడూ వినలేదు. కిటికీలోంచి చూస్తే అది తాడు కొస దాకా వెనక్కి పోయి, ముందుకాలు ఎత్తి పట్టుకుని వణుకుతోంది. రోజూ సాసేజి దొరికే హాల్వర్ బండి ఇనుప మెట్టు వైపే చూస్తోంది. మెట్టు చుట్టూ మంచు కరిగి బురదనీళ్ళయింది.

గాజుపెంకు గుచ్చుకుందేమోనని హాల్వర్ పొయ్యి ఆపి, తలుపు తోసి, పిడి పట్టుకునే ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. రెండో కాలు నీళ్ళలో పెట్టబోతూ ఆగిపోయాడు. పొద్దుటి సూదులు గుర్తొచ్చాయి. వణుకుతున్న కుక్కా, టేపు చుట్టిన ఆ తీగ కొసా ఒక్కసారే కళ్ళముందుకొచ్చాయి. కాలు వెనక్కి తీసుకున్నాడు. 

బండి రేకంతా కరెంటే. లోపలున్నంతసేపూ అతనికేమీ కాదు. కాలు నేలమీదా చెయ్యి బండిమీదా ఒకేసారి పడితేనే ప్రాణం మీదికి వస్తుంది. లోపలి మెయిన్ ఆపి లాభం లేదు, లీకు దానికి ముందే ఉంది. పెట్టెలో బ్రేకరు పెద్ద లీకుకి పడుతుందే తప్ప మనిషిని చంపడానికి సరిపోయే కాస్త కరెంటు దాని లెక్కలోకి రాదు. పీకితే స్తంభం దగ్గర ప్లగ్గే పీకాలి. స్తంభం ఓటార్ కారవాన్ పక్కనుంది.

కరెంటు తీగ బస్సు మీద తెగిపడితే ఎలా దిగాలో అతనే ప్రయాణికులకి చెప్పేవాడు. దేన్నీ పట్టుకోకూడదు, రెండు కాళ్ళూ దగ్గరపెట్టుకుని దూరంగా దూకాలి. చెప్పడం తేలికే. తుంటిలో కొత్త లోహం పెట్టుకుని దూకడం వేరు. డాక్టరు కుర్చీలోంచి లేచేటప్పుడే జాగ్రత్తన్నాడు. గుమ్మంలో నిలబడి కిందికి చూశాడు.

అప్పుడు కనబడింది రాగ్నా, వాలు మీదినుంచి ఒక్కతే దిగుతూ. గున్వోర్ దారిలో కాఫీకొట్టు దగ్గర ఆగినట్టుంది. రాగ్నా వచ్చాక ఏం చేస్తుందో హాల్వర్‌కి కళ్ళు మూసుకున్నా తెలుసు. బండికి ఆనుకుని, ఎడమచేత్తో తలుపు పిడి గట్టిగా పట్టుకుని, స్కీ కర్ర మొనతో కాలి బిగింపు నొక్కి, కాలు ఊడదీసి నేల మీద పెడుతుంది. ఆ నేలంతా ఇప్పుడు నీళ్ళు.

"రాగ్నా, ఆగు! దగ్గరికి రాకు!"

ఆమె కర్ర ఎత్తి ఊపింది. నవ్వుతూనే వస్తోంది. బల్లమీద చెవి మిషన్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

ఇప్పుడైనా ఓటార్‌ని పిలవాలా? ఓటార్ ఎదురుగా గోడకి జారగిలబడి, రెయిన్‌డీరు తోలు మీద కూర్చుని, ఎండకి కళ్ళు మూసుకున్నాడు. ఒక్క కేకేస్తే వినబడే దూరం. చెప్తే నమ్మరు గానీ, ఆ క్షణంలో కూడా హాల్వర్ కేకెయ్యలేదు. తనే దూకుతాడు, తనే కుంటుకుంటూ పోయి ప్లగ్గు పీకేస్తాడు, ఎవరికీ తెలియాల్సిన పన్లేదు, ఇలాగే లెక్కలేసుకుంటున్నాడు. అలా లెక్కలేస్తుండగానే రాగ్నా వాలు దిగేసి, వరుస మొదటి బండి దాటింది. బస్సులో కూర్చున్న ఆ నెలలు నిండిన పిల్ల మొహం, ఎన్నడూ లేనిది, అతనికి గుర్తొచ్చింది.

"ఓటార్!" అని గొంతు పగిలేలా అరిచాడు. "స్తంభం దగ్గర నా ప్లగ్గు పీకు! బండికి కరెంటొచ్చింది!"

ఓటార్ కళ్ళు తెరిచాడు. "మళ్ళీ పడిందా?"

"పడలేదు. పడకుండా చేసింది నేనే. ఎర్తు తీసేశా. బండంతా షాకు, రాగ్నా వచ్చేస్తోంది."

ఓటార్ అంత లావు మనిషి అంత వేగంగా లేవడం ఎవరూ చూసి ఉండరు. స్తంభం దగ్గరికి పరిగెత్తి, పెట్టె మూత పట్టుకుని గుంజాడు. కేబుళ్ళన్నీ ఒకేలా ఉన్నాయి, సగం మంచులోనే ఉన్నాయి. "ఏది నీది?" అని అరిచాడు.

ముందురోజు వరుసంతా తనవల్ల చల్లబడకూడదని దొంగపని చేసిన మనిషి, "అన్నీ పీకెయ్!" అని అరిచాడు.

అప్పటికే రాగ్నా బండి పక్కకొచ్చేసింది. తలుపులో భర్త మొహం చూసి, ఏమిటా అరుపులన్నట్టు కనుబొమలు ఎత్తింది. అలవాటుగా ఎడమచెయ్యి పిడివైపు చాచింది. హాల్వర్ ఇంకేమీ ఆలోచించలేదు. చేతులు గుండెకి అదుముకుని, రెండు కాళ్ళూ దగ్గరపెట్టి, ఆమెకీ బండికీ మధ్య దూకాడు.

పడ్డాడు. తుంటిలోంచి నొప్పి తలదాకా పాకింది. పడుతూనే ఆమె స్కీ కర్ర పట్టుకుని తనవైపు లాగాడు. స్కీలు కాళ్ళకుండగా ఎవరైనా లాగితే ఎవరు నిలబడగలరు? ఆమె బురదనీళ్ళలో అతని మీదే బోర్లాపడింది. పిచ్చెక్కిందేమోనని భయపడిపోయి, లేవడానికి ఊతం కోసం మళ్ళీ మెట్టు మీదికే చెయ్యి చాచింది. ఆ చేతిని అతను గట్టిగా కొట్టాడు. నలభై ఏళ్ళకి పైబడిన కాపురంలో ఆమెను అతను కొట్టింది అదొక్కసారే. ఆమె చెయ్యి గుండెకి హత్తుకుని అతన్ని అలా చూస్తూ ఉండిపోయింది.

"పీకేశా! అన్నీ పీకేశా!" ఓటార్ అరుపు వినబడింది.

హీటర్ల హోరంతా ఒక్కసారే ఆగిపోయింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పసిబిడ్డ తల్లీ వచ్చింది. గున్వోర్ కాఫీకొట్టు నుంచి పరుగున వచ్చి బామ్సె కాలు తడిమి చూసుకుంది, కాలికేమీ కాలేదు. ఓటార్ హాల్వర్‌ని చంకల కింద పట్టుకుని లేవదీశాడు. అందరూ నిలబడి ఉండగా ఏం చేశాడో హాల్వర్ చెప్పాడు. ఎవరైనా జోకేస్తారేమోనని ఎదురుచూశాడు, వేస్తే బాగుండుననిపించింది. ఎవరూ వెయ్యలేదు. రాగ్నాకి సగం మాటలే వినబడ్డాయి గానీ అందరి మొహాలూ చూసింది, ఆమెకి అవి సరిపోయాయి. ఓటార్ హాల్వర్ కేబులు మొత్తం చుట్టి తన కారవాన్‌లో పెట్టుకున్నాడు. మిగతావాళ్ళు తమ ప్లగ్గులు పెట్టుకుని లోపలికి పోయారు.

లోపల రాగ్నా తడి బట్టలు మార్చుకుని, చెవి మిషన్లు పెట్టుకుని, బల్లకి అటువైపు కూర్చుంది. ఎప్పుడు తీశావని అడిగింది. శుక్రవారం పొద్దున అన్నాడు.

"అప్పట్నుంచీ నేనీ తలుపు తీస్తూనే ఉన్నా. నిన్న గున్వోర్ వచ్చింది. ఆ చంటిదాన్ని ఎత్తుకుని వాళ్ళమ్మ మనింటికి పాలకొచ్చింది."

"నిన్న మంచు పొడిగా ఉంది. పొడి మంచులోంచి కరెంటు పోదు."

"అది నీకు నిన్న తెలుసా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"అంటే మమ్మల్ని కాపాడింది చలి అన్నమాట. నువ్వు కాదు." ఆమె గొంతు పెంచలేదు. "వాళ్ళముందు చిన్నబోవడం నీకంత కష్టమా? నేను పోయినా ఫరవాలేదనుకునేంత?"

అలా అనుకోలేదని అతను అనబోయాడు. నిజంగానే అనుకోలేదు. కానీ అసలు ఆమె గురించి ఏమీ అనుకోలేదన్నదే నిజం, అది చెప్పుకునే మాట కాదు. 

ఆమె లేచి, తన పడకసంచీ చుట్టుకుంది. "గున్వోర్ దగ్గర రెండు పడకలు ఖాళీగా ఉన్నాయంది. వస్తే రా, లేకపోతే ఇక్కడే గడ్డకట్టుకుపో. తలుపు ముట్టుకోవడానికి భయపడనక్కర్లేని చోటికి నేను పోతున్నా."

ఆమె వెళ్ళాక బండి త్వరగా చల్లబడింది. హాల్వర్ కోటు వేసుకుని, చేతులు తొడల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. పరాయివాళ్ళింట్లో పడుకున్న రోజు అతని బతుకులో లేదు, ఆసుపత్రి రోజులు తప్ప. కొండ మీది వెలుగు నీలంగా మారేదాకా ఆగాడు. ఎవరైనా పిలుస్తారేమోనని కాబోలు. ఎవరూ పిలవలేదు. చివరికి తన పడకసంచీ చంకలో పెట్టుకుని, తుంటి ఈడ్చుకుంటూ గున్వోర్ కారవాన్ దాకా నడిచాడు.

కిటికీలో దీపం వెలుగుతోంది. పక్కనే కేబులు నీళ్ళలోంచి పాకి బండిలోకి దూరుతోంది. తలుపు తట్టాడు.

"గడియ వెయ్యలేదు, లాక్కుని రా," అంది లోపల్నుంచి రాగ్నా.

చెయ్యి పిడి దాకా వెళ్ళింది, వెళ్ళి ఆగిపోయింది. కాళ్ళకింద నీళ్ళున్నాయి. ఆ బండికేమీ కాలేదని, గున్వోర్ ప్లగ్గులో తీగలన్నీ ఉన్న చోటే ఉన్నాయని అతనికి తెలుసు. అయినా వేళ్ళు ముందుకి పోనంటున్నాయి. రెండు రోజులుగా ఆమె తన తలుపు ఇలాగే, ఏమీ ఆలోచించకుండా, తనని నమ్మి పట్టుకుంది. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది అతనికి.

"లాగమన్నాగా, ఏం చేస్తున్నావక్కడ?"

"రాగ్నా," అన్నాడు.  "నాకు చేతకావట్లేదు. నువ్వు కాస్త తెరుస్తావా?"

 ఆమె లేచి వచ్చి తలుపు తెరిచింది.